సున్నం వేసిన రాయి

హెర్మీలో సారాతేకి మర్యాద తెలియదని ఫిలెమోన్ కీరోస్ ముప్పయ్యేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఈసారి రుజువు చేతికే వచ్చింది. ఆరో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, ఇప్పుడు ఊరి ఉమ్మడి భూముల సంఘానికి అధ్యక్షుడు, ఫోన్ చేసి "ఓసారి వచ్చిపోరా" అంటే సరిపోయేదానికి, రెండు ముద్రలు కొట్టిన కాగితం పంపాడు. "సంఘ సభ్యుడు కీరోస్ ఫిలెమోన్ బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు హాజరు కావలెను. రాని పక్షంలో సభ్యత్వం సంగతి సభ ముందు పెట్టబడును." కోళ్ల దొంగకి పంపినట్టు. ఏడు సినిమాలు తీసినవాడికి. పోయిన అక్టోబరులో రాజధానిలో మూడొందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టించుకున్నవాడికి.

వ్యాను కొండ మలుపులు తిరుగుతుంటే ఆ కాగితాన్ని మూడుసార్లు తీసి చదివాడు. ఒళ్లో ప్రొజెక్టరు సంచీ, కాళ్ల దగ్గర చుట్టిన తెల్ల గుడ్డ. ఎందుకు పిలిచారో తనకి తెలియకపోలేదు. సినిమా ముందు సొంతూరు శాంతా ఇనెస్‌లోనే వేస్తానని సభలో మాటిచ్చాడు. ఈలోగా రాజధాని నుంచి పిలుపొచ్చింది, ఆ తర్వాత ఒక ఆదివారం టీవీలో కూడా వేశారు. ఊళ్లో మాత్రం వెయ్యలేదు. సరే, ఇవాళ వేస్తాడు. నోళ్లు మూసుకుంటారు.

సంఘం ఆఫీసులో బల్ల వెనక నలుగురు కూర్చున్నారు. చివర్న అతని అక్క మెంచా కూడా ఉంది, ఈ ఏడాది లెక్కలు చూసేది ఆమే. ఫిలెమోన్ ఎవరి మొహమూ చూడకుండా ప్రొజెక్టరు బయటికి తీసి, అద్దం మీద ఊది, చొక్కా అంచుతో తుడిచి, వైరు గుచ్చే చోటు కోసం గోడ వెంట వెతుకుతున్నాడు.

"అదెందుకు తెచ్చావు?" అన్నాడు హెర్మీలో.

"సినిమా వెయ్యడానికి. మీ గోలంతా అదేగా."

"సినిమా చూశాం."

"టీవీలోనా?"

"కోర్టులో."

ఫిలెమోన్ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది.

హెర్మీలో గొంతు పెంచలేదు. అదొక్కటే కొత్తగా ఉంది అతని దగ్గర. కాగితాలు ఒక్కొక్కటే బల్ల మీద పరిచి, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. శాన్ లుకాస్ ఊరివాళ్లతో కాకి కొండ తగువు నలభయ్యేళ్లనాటిది. ముత్తాతల నాటి దస్తావేజులో రాసింది ఒక్క ముక్క: శాంతా ఇనెస్ భూమి "సున్నం వేసిన రాయి వరకు". కొండ నెత్తిన ఉన్న పై రాయి అదేనని మనం అంటాం. దిగువన గొర్రెల కాపర్లు కూర్చునే కింది రాయి అదని వాళ్లంటారు. పై రాయి మీద సున్నం ఉంది కదా అంటే, అది మా సిలువ రాయి, మే నెల పండక్కి మేమే వేస్తాం అంటారు. మన మాట మనది, వాళ్ల మాట వాళ్లది. నలభయ్యేళ్లు ఏ జడ్జీ ఏమీ తేల్చలేకపోయాడు.

"ఇప్పుడు తేలుస్తారు," అన్నాడు హెర్మీలో. "నీ సినిమాలో, ముప్పై నాలుగో నిమిషంలో, మా నాన్న కింది రాయికి సున్నం పూసి, మెస్కాల్ సారా పోసి, మా భూమి ఇక్కడితో సరి అంటాడు. వాళ్ల వకీలు ఆ ముక్క ఐదుసార్లు వేశాడు. ఆపి ఆపి వేశాడు."

ఆ రోజు ఫిలెమోన్‌కి గుర్తు లేకేం. ఊళ్లో మగవాళ్లంతా ఏటా చేసే సరిహద్దు నడక. కొడవళ్లతో తుప్పలు నరుక్కుంటూ రాయి నుంచి రాయికి పోవాలి, ప్రతి రాయికీ సున్నం పూయాలి, ఊరి పెద్ద మెస్కాల్ పోసి మాట చెప్పాలి. రాయి మీద చెప్పిన మాట వెనక్కి తీసుకోకూడదు. ఆ ఏడు పై రాయి దగ్గరికి చేరేసరికి మబ్బు దిగి చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. అందరూ చెయ్యాల్సింది చేసేసి దిగారు. కెమెరాలో బూడిద రంగు తప్ప ఏమీ పడలేదు. దిగివస్తుంటే కింది రాయి దగ్గర ఎండ పడింది. ఫిలెమోన్ చెయ్యి చాపి సూర్యుడికీ కొండకీ మధ్య వేళ్లు అడ్డం పెట్టి కొలిచాడు. మూడు వేళ్లు. వేలికి పావుగంట, అంటే ఎండ ఇంకో ముప్పావుగంట.

"పెద్దయ్యా, ఇక్కడ ఇంకోసారి," అన్నాడు హెర్మీలో తండ్రి దోన్ త్రాన్సితోతో.

"ఇది కాపర్ల రాయిరా. దీని మీద చెప్పేందుకు మన మాటేం లేదు."

"సినిమాకి పెద్దయ్యా. ఎవరికి తెలుస్తుంది?"

దోన్ త్రాన్సితో అతనికి జ్ఞానతండ్రి, నీళ్లు పోయించి పేరు పెట్టించినవాడు. ఆ వరస కొడుకు అడిగితే కాదనడం ఆ ఊళ్లో లేదు. ముసలాయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, సున్నం గిన్నె అందుకున్నాడు. పోయిన ఏడాది జనవరిలో ఆయన పోయాడు.

"శనివారం సాక్ష్యం," అన్నాడు హెర్మీలో. "నువ్వు రావాలి. నువ్వే అడిగి చేయించావని చెప్పాలి."

"నేనెవరిచేతా ఏమీ చేయించను."

బల్ల వెనక ఎవరో ముక్కుతో నవ్వారు.

"నా వంటింట్లో సున్నం ఎవడు పట్టుకుపోయాడ్రా అయితే?" అంది మెంచా. "ఉన్నదంతా పై రాళ్లకి అయిపోయింది, అక్కా ఇంకో గిన్నెడు అని నువ్వు పరిగెత్తుకుంటూ రాలేదూ? మొక్కజొన్న తొక్క ఊడేలా ఉడకేసుకోడానికి చిటికెడు లేక రెండ్రోజులు పక్కింటి చుట్టూ తిరిగాను."

"అక్కా, నీకు అర్థం కాదు."

"అవునులే. నేను నాలుగో తరగతి. నువ్వు ఆరు."

ఫిలెమోన్ కూర్చున్నాడు. ఎలా చెప్తే వీళ్లకి ఎక్కుతుంది? దీపాలు మోసి, వైర్లు చుట్టి, ఇంకొకళ్ల కెమెరాల మీద గొడుగు పట్టి ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాడు. సినిమా బడికి పోయినవాళ్లు ఇప్పటికీ తనని గోడ దూకి వచ్చినవాడనే అంటారు. కథా చిత్రాలు రెండు తీస్తే ఒక్క హాల్లో ఆడలేదు. తనకంటూ ఉన్నది ఒక్కటే: కీరోస్ సినిమాలో ఉన్నది జరిగింది. నటన లేదు. ఆ మాట మీదే అక్టోబరు బహుమతి. ఆ మాట మీదే వచ్చే సినిమాకి సాయం చెయ్యడానికి సర్కారు ఒప్పుకుంది, తొమ్మిదేళ్లు తిరిగాక.

"అది నేను చెప్తే నా పని అయిపోతుంది," అన్నాడు.

"చెప్పకపోతే మా పని అవుతుంది," అన్నాడు హెర్మీలో. "రేపు కోర్టువాళ్లు కొండకి వస్తున్నారు. దానికైనా రా. నీ రాయి చూసుకుందువుగాని."

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి కింది రాయి చుట్టూ రెండు ఊళ్లవాళ్లూ నిలబడ్డారు, మధ్యలో పది అడుగులు వదిలి. ఇటు టోపీలూ అటు టోపీలూ ఒకే సంతలో కొన్నవి. కోర్టు గుమాస్తా సన్నగా, జలుబుతో ఉన్నాడు. కొలతలవాడు మూడు కాళ్ల యంత్రం నిలబెడుతుంటే ఫిలెమోన్ కళ్లు వాటంతట అవే దాని కాళ్ల మీదికి పోయాయి. వాలు వైపు కాలు పొట్టిగా పెట్టాడు, జారుతుంది, అనుకున్నాడు. అది నిజంగానే జారింది. తనే వెళ్లి సరిచేశాడు.

"మీరే కదూ దర్శకులు?"

శాన్ లుకాస్ వకీలు తామారిస్. నలభై దాటవు, మెత్తని మాట, ఖరీదైన బూట్లకి మట్టి అంటినా పట్టించుకోడు. చెయ్యి చాపాడు.

"మీ సినిమా చూసి మా ఆవిడ ఏడ్చింది సార్. ఆ పెద్దాయన మొహం! అలాంటివి ఎలా పట్టుకుంటారో."

ఫిలెమోన్ "థాంక్స్" అన్నాడు. వెనక హెర్మీలో ఉన్నాడని తెలిసి చెవులు కాలాయి.

గుమాస్తా రాయి ముందు గొంతుక్కూర్చుని, పాచి మీద బొటనవేలి గోరుతో గీకాడు. పచ్చటి పొర ఊడి కింద తెలుపు కనబడింది. ఇంకొంచెం గీకాడు. అరచేయంత తెలుపు. ఫోటో తీసుకుని, తుమ్మి, "సున్నం ఆనవాలు కలదు" అని పైకి చదువుకుంటూ రాశాడు. అటువైపు ఎవరూ కేక వెయ్యలేదు. ఇటువైపువాళ్లు కొండ దిగడం మొదలుపెట్టారు.

దిగివస్తూ ఫిలెమోన్ దారి మళ్లి తల్లి పొలంలోకి దిగాడు. తల్లి పోయాక అది అతని పేరన ఉంది, చేసేది మెంచా. రెండు రాళ్లకీ మధ్య వాలు మీద, పైన్ చెట్ల కింద, ఊటకి ఆనుకుని ఉంటుంది. మెంచా అప్పటికే అక్కడుంది. నడుం వంచి, కర్రతో గుంట చేసి, మడమతో మట్టి అటూ ఇటూ తోసి చూస్తోంది. విత్తనాల బుట్ట నడుముకి కట్టే ఉంది గాని ఇంకా మూత తియ్యలేదు.

"తడి వచ్చింది," అంది తలెత్తకుండా. "నాలుగు గింజలు మొక్కజొన్న, రెండు చిక్కుడు, ఒకటి గుమ్మడి. గుంటకి ఏడు. బుట్టలో ఉన్నది విత్తనానికని దాచింది. వేశాక ఇది వాళ్లదైపోతే, తినడానికీ ఉండదు, వచ్చే ఏటికీ ఉండదు. అందుకని నిన్నే అడుగుతున్నా. వెయ్యనా, వద్దా?"

ఫిలెమోన్ కొండ వైపు చూశాడు. ఎండ పక్క నుంచి పడుతోంది. చూడ్డానికి బాగుంది. ఆ బాగుండడం మీద అతనికి మొదటిసారి అసహ్యం వేసింది.

"వెయ్యి."

"నాకేం, వేస్తా. చెప్పేది నువ్వు కదా అని."

"చెప్తాను అక్కా. శనివారం ఉన్నదున్నట్టు చెప్తాను. ఉత్త మాట కాదు. పెద్దయ్యని నేను అడగడం కెమెరాలో పడింది. నా గొంతు ఉంది అందులో."

మెంచా అప్పుడు తలెత్తింది. బుట్ట మూత తీసింది.

శుక్రవారం పొద్దుటి నుంచి మొక్కజొన్న కంకులు దాచే గదిలో కూర్చున్నాడు. ఆ సినిమా డిస్కులు మూడూ సంచీలోనే ఉన్నాయి. ఎక్కడికి పోయినా మోసుకుపోతాడు, ఇంట్లో దొంగలు పడతారని. గోనె బస్తా మీద కంప్యూటరు పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సరిహద్దు నడక రోజు తెరిచాడు. కొడవళ్లు. కుక్క. మళ్లీ కొడవళ్లు. పై రాయి దగ్గర బూడిద రంగు, అందులో ఎవరివో దగ్గులు. తర్వాత మబ్బులు. మబ్బులంటే అతనికి పిచ్చి, ఆ రోజే నూట పది ముక్కలు తీశాడు. తర్వాత కింది రాయి.

మొదటి ముక్క మెస్కాల్ సీసా దగ్గర మొదలైంది.

దానికి ముందుది లేదు. ముక్కల వరస అంకెల్లో ఒకటి ఎగిరిపోయి ఉంది. రెండో డిస్కు తెరిచాడు, మూడోది తెరిచాడు. అంకె అక్కడా లేదు. మెస్కాల్ ముక్కనే మళ్లీ మొదటి నుంచి పెట్టి, శబ్దం పైకంటా పెంచి, కళ్లు మూసుకుని విన్నాడు. గాలి. టోపీ గుడ్డకి రాసుకున్న చప్పుడు. ముసలాయన గొంతు సవరించుకోవడం. తన గొంతు అర మాట కూడా లేదు. "ఇక్కడ" లేదు. "పెద్దయ్యా" లేదు.

ఎప్పుడు చెరిపాడో గుర్తొచ్చింది. ఎడిటింగ్ మొదలైన రెండో రోజు, పక్కన కూర్చునే అమ్మాయి ఇంకా రాకముందు. కాఫీ కప్పు పక్కన పెట్టి, ఆ ముక్కని ఒక్కసారి విని, తీసేశాడు. తీసేశాక చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. డిస్కులో చోటు కోసం అని ఆ రోజు తనకి తాను చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం మెంచా చిక్కుడు పులుసూ నాలుగు రొట్టెలూ పళ్లెంలో తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"దొరికిందా?"

"వెతుకుతున్నా."

"సగం పొలం వేసేశాను," అంది. "మిగతా సగం రేపు పొద్దున్న. కోర్టుకి నేను రాను, నువ్వున్నావుగా."

రొట్టెలు చల్లారి గట్టిపడేదాకా అతను వాటి వైపు చూడలేదు.

శనివారం కోర్టులో అతను అబద్ధం ఆడదలుచుకోలేదు. ఆ మాట రాసి ఉంచాలి. బల్ల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి, జడ్జీ గారి వైపు తిరిగి, ఉన్నదున్నట్టు చెప్పాడు: మబ్బు, ఎండ, మూడు వేళ్లు, జ్ఞానతండ్రి కాదనలేకపోవడం, అక్క వంటింటి సున్నం. ఇరవై తొమ్మిదేళ్ల పేరు పోతోందని తెలుసు. పోనీ అనిపించింది. వెనక వరసలో హెర్మీలో టోపీ మోకాలి మీద బోర్లించి, అంచు తడుముకుంటూ వింటున్నాడు. జడ్జీ గారు కలం దించి విన్నారు, నిజంగానే విన్నారు. ఆవిడకి నమ్మాలని ఉన్నట్టే అనిపించింది.

తామారిస్ లేచాడు. ఇవాళ కూడా మెత్తగానే ఉన్నాడు.

"సార్, మీరు పెద్దాయన్ని అడగడం కెమెరాలో పడిందన్నారు."

"పడింది."

"ఉందా?"

"లేదు. చెరిపేశాను."

"ఎందుకండీ?"

ఎవరికీ తెలియకూడదని. అంతే చెప్పాలి. ఆ రెండు మాటలు నాలిక మీదే ఉన్నాయి. కాని వెనక హెర్మీలో ఉన్నాడు, చనిపోయినవాడి కొడుకు. పత్రికలవాడొకడు కూడా కూర్చున్నాడు.

"డిస్కులో చోటు చాలక," అన్నాడు ఫిలెమోన్.

తామారిస్ తల ఊపాడు, జాలిపడ్డట్టు. ఆ పొద్దున్న ఫిలెమోనే కోర్టుకి అప్పగించిన డిస్కు తాలూకు జాబితా తీశాడు.

"ఆ ఒక్క రోజువే మబ్బుల ముక్కలు నూట పది ఉన్నాయిందులో. ఒకటి పదకొండు నిమిషాలు. వాటికి చోటు సరిపోయిందా?"

కోర్టులో శాన్ లుకాస్ వైపు ఎవరో నవ్వి ఆపుకున్నారు. జడ్జీ గారు కలం అందుకున్నారు.

"ఇది మీరు నవంబరులో రేడియోలో అన్న మాట. చదువుతాను, తప్పుంటే చెప్పండి. 'నా సినిమాలో కనురెప్ప కూడా ఎవరూ నేను చెప్పి ఆడించరు. ఆ రోజు నేను ఇంట్లో పడుకున్నా ఆ రాయి దగ్గర అదే జరిగేది.' మీదేనా?"

"నాదే."

"అప్పుడు నిజం చెప్పారా, ఇప్పుడా?"

"ఇప్పుడు."

"సరే సార్. శాంతా ఇనెస్‌లో మీకు భూమి ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఆ వాలులోనే. రెండు రాళ్ల మధ్య."

"అంటే ఈ కేసు పోతే మీదీ పోతుంది."

"పోతుంది."

"ఇంక అడిగేదేం లేదండీ," అని తామారిస్ కూర్చున్నాడు. కూర్చుంటూ ఫిలెమోన్ వైపు తల వంచి నమస్కారంలాంటిది పెట్టాడు. వెక్కిరింపు కాదు. అదే మండింది.

ఆ రోజు నడకలో ఉన్నవాళ్లలో ఐదుగురు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అదే చెప్పారు. ఒకే ఊరివాళ్లు, ఒకే మాట, ఒకే భూమి. గుమాస్తా రాసుకున్నాడు. ఐదో అతను చెప్పేటప్పుడు తలెత్తి కూడా చూడలేదు.

బయట బస్సుల కోసం నిలబడేచోట హెర్మీలో మొక్కజొన్న ఆకులో ఉడికించిన తమాలెలు కొన్నాడు. ఒకటి విప్పి, ఆకు మీదే సగం చేసి, అడక్కుండానే ఫిలెమోన్ చేతిలో పెట్టాడు. కేకలేస్తాడని, చొక్కా పట్టుకుంటాడని ఫిలెమోన్ కాచుకునే ఉన్నాడు. బుధవారం నుంచి దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు.

"తిను, చల్లారుతుంది."

"హెర్మీలో, నేను..."

"విన్నాంగా. చెప్పావు." హెర్మీలో ఆకు అంచున పిండి గీరుకుని నాకాడు. "చోటు చాలక అనకపోతే బాగుండేది. నీకెప్పుడూ అంతే, ఆఖర్న ఏదో అందంగా చెప్పబోతావు."

బస్సు వచ్చింది. అది వాళ్లది కాదు. ఇద్దరూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు.

"నీతో ఒక పని ఉంది," అన్నాడు హెర్మీలో. "ముప్పై నాలుగో నిమిషం ముక్క నాకు ఫోన్‌లోకి వేసిపెట్టు."

"దేనికి? పై కోర్టుకా?"

"కాదురా. నాన్న మాట ఎక్కడా లేదు మాకు. మా ఇంట్లో ఫోన్లు వచ్చేసరికే ఆయనకి మాట్లాడ్డం విసుగు. ఉన్నది అదొక్కటే." టోపీ ముందుకి లాక్కున్నాడు. "ఆ చెప్పింది అబద్ధమైనా, గొంతు ఆయనదేగా. పిల్లలకి వినిపిస్తాను."

ఫిలెమోన్ ఫోన్ తీశాడు. వేళ్లకి పిండి అంటుకుని తెర పలకలేదు. ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. ముక్క వెళ్లింది. హెర్మీలో అక్కడే, బస్సుల రొదలో, ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. రెండోసారి కూడా విన్నాడు. మూడోసారి పెట్టబోయి, ఆపి జేబులో వేసుకున్నాడు.

తీర్పు జూన్ పదిహేడున వచ్చింది. అక్టోబరు బహుమతి వెనక్కి తీసుకున్నట్టు ఉత్తరం అంతకు ముందే వచ్చింది, సర్కారు సాయం ఆపినట్టు ఇంకోటి. వాటిని అతను సంచీ అడుక్కి తోశాడు. తీర్పు కాగితం మాత్రం మెంచా చదివించుకుంది, గుమ్మంలో కూర్చుని, వాలు మీద మోకాలెత్తు పెరిగిన మొక్కజొన్న వైపు మొహం పెట్టి. శాంతా ఇనెస్ హద్దు కింది రాయి. శాన్ లుకాస్‌కి పోయిన భూమి మూడు వందల నలభై ఆరు హెక్టార్లు, ఊటతో సహా. ఆ కాగితానికి కుట్టిన పోయిన పొలాల పట్టికలో పంతొమ్మిదో వరస కీరోస్ ఫిలెమోన్‌ది: రెండు హెక్టార్ల పదహారు వందల నలభై చదరపు మీటర్లు.